గాంధీమహాత్ముని తొలిప్రయాణములు

ధైర్యము పుట్టుకతో వచ్చు గుణమనియు, అది లేనివానికి ఎన్నడును అలవడదనియు తలంచువారు మనలో పెక్కుమంది కలరు. ఆ తలంపు సరికాదని చూపుటకు గాంధీమహాత్ముని పూర్వజీవితముకంటె మేలైన నిదర్శనము మాకు కానరాదు. 1948లో దేహము చాలించిన ఆ మహనీయుని ఉద్యమములను ఎల్లరు నెఱుగుదురు. ఇచ్చట మేము వారి తొలినాటి ప్రయాణములను మాత్రమే చెప్పదలచితిమి.

మోహనదాసు కరంచందు గాంధీగారు 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీని పోరుబందరులో మోఢ బనియా కులమున జన్మించిరి. తండ్రి దివానుగిరి చేసినవారు. కుమారులు మాత్రము మిక్కిలి బిడియస్థులు. బడి విడిచినతోడనే, ఎవరైన పలుకరింతురేమోయని ఇంటికి పరుగెత్తెడివారు. దొంగలన్నను, దయ్యములన్నను, పాములన్నను భయమే. దీపము లేనిదే వారికి నిద్రపట్టెడిది కాదు.

1888లో బారిష్టరు చదువునకై సీమకు పోవ నిశ్చయించినప్పుడు, బొంబాయిలోని కులపెద్దలు సభచేసి, సముద్రయానము నిషిద్ధమని అడ్డగించిరి. పందొమ్మిదవయేట నున్న ఆ యువకుడు తొట్రుపడక, తల్లియు అన్నయు అనుమతించిరనియు, మద్యమాంసములు ముట్టనని తల్లియెదుట ప్రమాణము చేసితిననియు విన్నవించి, ప్రయాణము మానుకొననని తెలిపెను. పెద్దలు వెలివేసిరి. సాయపడినవారికిని, ఓడరేవుకు పోయి సాగనంపినవారికిని రూపాయి నాలుగణాల జరిమానా విధించిరి. సెప్టెంబరు 4వ తేదీని గాంధీగారు ఓడ యెక్కిరి.

అంతటితో బిడియము వదలెనని తలంపరాదు. ఓడలో ఇంగ్లీషున మాటాడుటకు సిగ్గు; కత్తియు ముల్లును పట్టుట తెలియదు. అందుచే వెంట తెచ్చుకొన్న మిఠాయిలతోను పండ్లతోను గదిలోనే కడుపు నింపుకొనిరి. లండనులో శాకాహారసంఘ కార్యవర్గసభ్యులైనను నోరు మెదపలేకపోయిరి. ఒకమారు తమ అభిప్రాయమును కాగితముమీద వ్రాసికొని పోగా, దానిని వేరొకరు చదువవలసి వచ్చెను. 1891లో బారిష్టరై తిరిగివచ్చి, బొంబాయి స్మాలుకాజు కోర్టులో తొలివ్యాజ్యమునకు నిలువబడగా తల తిరిగెను. ఒక్క ప్రశ్నయైనను వేయలేక కూర్చుండి, ఫీజు తిరిగి పుచ్చుకొనుమని ఏజెంటుతో చెప్పి, సిగ్గుతో వెడలిపోయిరి.

దీనిని మనము శ్రద్ధగా గమనింపవలెను. దూరదేశము చూచినంతమాత్రమున ధైర్యము రాదు. లండనులో వారు తమకొఱకు చదువుకొనిరి. పరుల కష్టము ఇంకను వారి భుజముమీద పడలేదు.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీవారి వ్యాజ్యపుపనికై, ఒక సంవత్సరమునకు 105 పౌనుల ప్రతిఫలముతో దక్షిణాఫ్రికాకు పోయిరి. డర్బను కోర్టులో తలపాగ తీయుమని న్యాయాధికారి చెప్పగా, తీయక వెలుపలికి వచ్చి, ఆ సంగతి పత్రికలకు వ్రాసిరి. కొలదిదినములకే, మొదటితరగతి టికెట్టు చేతనుండియు, మారిట్జుబర్గు స్టేషనులో రైలుబండినుండి త్రోసివేయబడిరి. అచ్చట జూను నెల చలికాలము. అంగీకోటు సామానులో నుండెను; అడిగిన మరల అవమానింతురేమోయని అడుగక, చలిలో వణకుచు కూర్చుండిరి. స్వదేశమునకు మరలిపోవుదమా, నిలిచి పోరాడుదమా యని ఆ రాత్రి యోచించి, చేపట్టిన పనిని విడిచిపోవుట పిరికితనమని నిశ్చయించుకొనిరి. దారిలో గుఱ్ఱపుబండి అధికారి కొట్టినను తమ తావు విడువలేదు.

ప్రిటోరియా చేరిన కొలదికాలమునకే అచ్చటి హిందీయులను సమావేశపఱచి ఉపన్యసించిరి. వ్యాపారమున సత్యము పాటింపవలెనని వర్తకులకు చెప్పిన ఆ మాటలే వారి జీవితమున తొలి బహిరంగోపన్యాసము. బొంబాయిలో ఒక్క ప్రశ్న వేయలేని నోరు అచ్చట తడబడలేదు. ఏలయన, ఆనాడు వారు తమకొఱకు గాక, తమవలె అవమానితులైనవారికొఱకు మాటాడిరి. 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెసును స్థాపించిరి. ఆ నేటాలులో వర్తకులేగాక, చెఱకుతోటలకు ఒప్పందపుకూలీలుగా పోయిన తెనుగువారును అరవవారును వేలకొలది యుండిరి. ఒక్క యేటికని పోయినవారు, మధ్యమధ్య వచ్చిపోయినను, ఇరువదియొక్క సంవత్సరములు ఆ ప్రజలసేవలో గడపి, 1915 జనవరి 9వ తేదీని బొంబాయిలో దిగిరి.

ఇక వెలి సంగతి. సీమనుండి వచ్చినపిదప నాసికలో స్నానము చేయించి, కులములో ఒక వర్గమువారు గాంధీగారిని చేర్చుకొనిరి. రెండవ వర్గమువారు చేర్చుకొనలేదు. వారిపై గాంధీగారు కోపగింపక, ఆ కట్టుబాటును మన్నించి, అత్తవారియింటను తోబుట్టువుయింటను మంచినీళ్లయినను త్రాగకుండిరి. ఆ వర్గమువారే తరువాత వారి కార్యములకు తోడ్పడిరి.

ఈ చరిత్రమువలన సంఘబంధువులకు మేము విన్నవించునది యొక్కటే. నోరు విప్పలేని బిడ్డను అసమర్థుడనియో, అసమర్థురాలనియో త్రోసివేయకుడు. పరదేశమునకు పంపుడు, పంపునప్పుడు పదుగురికి ఉపకరించు పని యొకటి చేతబెట్టుడు. కొలువునకో, చదువునకో పోవ నెంచిన బాలికను అడ్డగింపబోవుపెద్దలు, 1888లో బొంబాయిపెద్దలు అడ్డగించినది ఎవరినో ఒకమారు తలంచుకొందురుగాక. నాడు సాగనంపవచ్చినవారికి విధించిన రూపాయి నాలుగణాలను జరిమానాగా గాక దారిబత్తెముగా నిచ్చుటయే సంఘమునకు తగినపని యని మా నమ్మకము.