జపమాలతో భూమిని కొలిచిన ఉపాధ్యాయుడు: పండిత నైన్ సింగ్

విద్యార్థులారా! నేటి యువకులు సెలవులు రాగానే వీపున ఒక సంచి తగిలించుకొని, చేతిలో కొద్దిపాటి సొమ్ముతో నేపాళ దేశమునకు పోవుచున్నారు. అచట కొండదారుల వెంట దినములకొలది నడచి, త్రిశూలీ నదిపై రబ్బరు తెప్పలలో పయనించి, ఇంటికి వచ్చి ఆ వింతలను చెప్పుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన సాహసమే. కాని 1865లో ఒక బడిపంతులు అదే త్రిశూలీ లోయ మీదుగా ఉత్తరమునకు నడచెను. అతనికి దారి చూపుటకు పటము లేదు. ఆ పటమును సిద్ధపరచుటకే అతడు బయలుదేరెను. అతడే పండిత నైన్ సింగ్ రావత్.

కుమావూ పర్వతములలో జోహార్ అను లోయ కలదు. ఆ లోయ చివర, మంచు కరిగి గోరీగంగ పుట్టుచోటికి దగ్గరగా మిలం అను గ్రామమున్నది. అచట 1830లో నైన్ సింగ్ జన్మించెను. ఆ గ్రామమువారు వేసవిలో కనుమలు దాటి టిబెట్టునకు ధాన్యమును, బట్టలను తీసికొనిపోయి, ఉప్పు, ఉన్ని, వెలిగారము తెచ్చుకొనుచుండిరి. చలికాలము రాగానే మందలతో దిగువ గ్రామములకు వచ్చుచుండిరి. ఇంట ఒక భాష, కనుమకు ఆవల సంతలో మరొక భాష. ఇట్లు రెండు భాషల నడుమ ఆ లోయలోని పిల్లలు పెరుగుచుండిరి. నైన్ సింగ్ కూడ చిన్ననాడే తండ్రితో పోయి టిబెట్టు భాషను, ఆ దేశపు మర్యాదలను నేర్చుకొనెను.

1855లో ష్లాగింట్‌వైట్ సోదరులు అను జర్మను శాస్త్రజ్ఞులు హిమాలయములకు వచ్చిరి. నైన్ సింగ్ వారి వెంట మానససరోవరము, లడఖ్ మొదలగు తావులకు పోయి, పరికరములను వాడు విధము కొంత తెలిసికొనెను. 1858 మొదలు 1863 వరకు తన గ్రామములోని ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా ఉండెను. పండితుడను పేరు అతనికి ఆ బడి వలననే నిలిచెను.

ఆ కాలమున మన దేశమును కొలుచు మహాకార్యము జరుగుచుండెను. 1802లో మద్రాసు దగ్గర ఆరంభమైన త్రికోణమితి సర్వే దక్షిణాపథమంతయు దాటి, హిమాలయములను చేరెను. అంతటితో ఆగిపోయెను. ఆవలనున్న టిబెట్టులోనికి పరదేశీయులకు ప్రవేశము లేదు. పటములో ఆ భాగము తెల్లకాగితముగా మిగిలెను. ఆంగ్లేయులు పోలేని చోటికి కొండవారిని పంపవచ్చునని మాంట్‌గొమరీ అను సర్వే అధికారి తలచెను. 1863లో నైన్ సింగును, అతని బంధువగు మణి సింగును డెహ్రాడూనునకు పిలిపించి, రెండేండ్లు శిక్షణ ఇప్పించెను.

ఆ శిక్షణ విచిత్రమైనది. కొండ ఎక్కినను, దిగినను, బురదలో నడచినను అడుగు కొలత మారరాదు. 2,000 అడుగులు వేసినచో ఒక మైలు కావలెను. లెక్క తప్పకుండుటకు చేతిలో జపమాల ఉండెను. జపమాలకు 108 పూసలుండుట ఆచారము. ఇతని మాలకు 100 మాత్రమే. నూరడుగులకొక పూస జరిపినచో మాల ఒక చుట్టు తిరుగునప్పటికి 10,000 అడుగులు, అనగా 5 మైళ్లు పూర్తియగును. బౌద్ధులు త్రిప్పు ప్రార్థనచక్రములో మంత్రములకు మారుగా లెక్కలు వ్రాసికొను కాగితపు చీటీలుండెను. ఎవరైన దగ్గరకు వచ్చినచో చక్రమును త్రిప్పుచు జపము చేయుచున్నట్లు నటించుటయే. భక్తుని పలుకరించుటకు ఎవరును సాహసింపరు. చేతికఱ్ఱలో ఉష్ణమాపకము, గవ్వలలో పాదరసము, పెట్టె అడుగున దొంగ అరలో నక్షత్రముల ఎత్తును కొలుచు పరికరము. ఇదియే అతని మూట.

1865 మార్చిలో వారు ఖాట్మండు చేరిరి. అచటినుండి కిరోంగ్ మార్గమున టిబెట్టు ప్రవేశింపబోగా, సరిహద్దు అధికారులు అనుమానించి త్రిప్పిపంపిరి. మణి సింగ్ మరొక దారిన మరలిపోయెను. నైన్ సింగ్ వేషము మార్చి, జడ తగిలించుకొని, లడఖు వర్తకునివలె మరల వచ్చెను. లాసా నగరమునకు పోనని, పోయినచో ప్రాణమే పణమని అచటి అధికారికి మాట ఇచ్చి ముందుకు సాగెను. సత్యమును బోధించు పంతులు అసత్యము పలుకవలసివచ్చెను. ఆ మాట అతనిని దారి పొడవున వెంటాడెను.

అటుపిమ్మట లాసాకు పోవు లడఖు వర్తకుల బిడారులో చేరి నడచెను. దారిలో సాంగ్‌పో మహానది అడ్డము వచ్చెను. మన దేశమున బ్రహ్మపుత్ర యనబడునది ఇదియే. తుంగభద్రపై తిరుగు పుట్టి వంటి తోలుపడవలను ఆ దేశమువారును వాడుదురు. ఆ నదిలో పడవ మునిగి మనుష్యులు కొట్టుకొనిపోవుట అతడు కన్నులార చూచెను. చూచియు మరల పడవ ఎక్కెను. షిగాట్సేలోని గొప్ప మఠమున సుమారు పదునొకండేండ్ల బాలుడైన పంచెన్ లామా దర్శనమునకు బిడారువారితో పాటు పోవలసివచ్చెను. లామాలు మనసులోని మాట కనిపెట్టుదురని ప్రతీతి. పండితుని గుండె దడదడలాడెను. ఆ బాలుడు వారి రాజు క్షేమమును, దేశ క్షేమమును, వారి క్షేమమును మాత్రమే అడిగి, ఆశీర్వదించి పంపెను.

ఇంతలో చేతిలోని సొమ్ము తరిగిపోయెను. ఊరు కాని ఊరిలో, పేరు కూడ తనది కాని స్థితిలో, అతడు దేనిని నమ్ముకొనెను? తన పాత వృత్తినే. అచట అంగళ్లు నడుపు నేపాళీ వర్తకులకు జమాఖర్చులు వ్రాయు పద్ధతి నేర్పి పొట్ట పోసికొనెను. అక్షరమును, అంకెను ఎరిగినవానికి ఎంత దూరదేశమైనను అన్నము దొరకునని దీనివలన తెలియుచున్నది.

1866 జనవరిలో లాసా చేరి, మూడు మాసములు ఒక చిన్న వసతిలో గడపెను. రాత్రులయందు నక్షత్రములను కొలిచి ఆ నగరపు అక్షాంశమును, నీరు మరుగు వేడినిబట్టి దాని ఎత్తును గుర్తించెను. ఇద్దరు ముసల్మాను వర్తకులు అతని వేషమును పసిగట్టిరి. కాని పట్టియీయక, అతని గడియారము కుదువ పెట్టుకొని కొంత సొమ్ము కూడ ఇచ్చిరి. ఒకనాడు అనుమతి లేక నగరమునకు వచ్చిన యొక చీనీయుని తల నడివీధిలో నరుకుట చూచెను. మరియొకనాడు తాను మాట ఇచ్చిన కిరోంగ్ అధికారియే వీధిలో కనబడెను. అప్పటినుండి బస మార్చి, గడప దాటుట మానెను. ఏప్రిల్ మాసమున బిడారుతో తిరుగుప్రయాణమై, అక్టోబరునాటికి డెహ్రాడూను చేరెను. మొత్తము 1,200 మైళ్లు, సుమారు 25 లక్షల అడుగులు. ప్రతి అడుగును లెక్కించెను!

1867లో మరల టిబెట్టు పోయి థోక్ జాలుంగ్ బంగారు గనులను చూచివచ్చెను. 1874 జూలైలో లేహ్ నుండి చివరి మహాయాత్రకు బయలుదేరెను. బరువులు మోయుటకు 26 గొఱ్ఱెలను తోలుకొనిపోయెను. దారిలోని గడ్డియే వాటికి మేత. ఖర్చు లేని రవాణా. ఉత్తరపు ఎడారి మీదుగా లాసా చేరి, గుర్తింపబడుదునను భయముచే రెండు దినములకే విడిచి, తవాంగ్ మార్గమున 1875 మార్చిలో అస్సాములో అడుగుపెట్టెను. ఈ యాత్రలో సుమారు 1,400 మైళ్లు నడచెను.

చాలకాలము అతని పేరు రహస్యముగా ఉంచబడెను. కాగితములలో అతడు వట్టి పండితుడే. 1877లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ తన స్వర్ణపతకమును అతనికి ప్రసాదించెను. ఆ పంతొమ్మిదవ శతాబ్దము ముగియకమునుపే అతడు కాలధర్మము చెందెను. అతడు దారి చూపిన దేశమునకు 1904లో ఆంగ్లసైన్యము ఆయుధములతో పోయెను. పటము వ్రాసినవాని చేతిలో దాని వినియోగము లేదు గదా! 2004లో భారత ప్రభుత్వము అతని పేర తపాలాబిళ్ల వెలువరించి గౌరవించెను.

విద్యార్థులారా! తలిదండ్రులారా! ఇంట తెలుగు, వీధిలో ఇరుగుపొరుగువారి భాష. ఇది మన పిల్లలకు బరువని కొందరు విచారించుచుందురు. నైన్ సింగ్ మూటలోని పరికరములు సర్కారువారివి. కాని చిన్ననాడు సంతలో నేర్చిన పొరుగుభాషయు, బడిలో పట్టుబడిన లెక్కయు అతని సొంతము. కనుమ దాటించినది ఆ మొదటిది. ఆకలి తీర్చినది ఆ రెండవది. రెండు భాషల నడుమ పుట్టిన బిడ్డకు రెండు లోకముల ద్వారములు తెరచియుండును. వాటిని మూయకుండుట మన వంతు. అడుగు తప్పక నడచుట మీ వంతు.