కల్కి చెప్పిన చోళుల కథ

రెండు భాగాలుగా 2022, 2023లో వచ్చిన ‘పొన్నియిన్ సెల్వన్’ సినిమాను మనలో చాలామంది చూసే ఉంటాం. ఆ కథ రాసినవారు తమిళ రచయిత కల్కి. ఆయన అసలు పేరు ఆర్. కృష్ణమూర్తి. 1899 సెప్టెంబరు 9న తంజావూరు జిల్లాలోని ఒక పల్లెలో పుట్టారు.

గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు, చివరి పరీక్ష ఇంకా రాయకుండానే కృష్ణమూర్తి బడి వదిలి ఉద్యమంలోకి వెళ్లారు. జైలుశిక్ష అనుభవించారు. తర్వాత పత్రికా రచయితగా ‘ఆనంద వికటన్’లో పేరు తెచ్చుకున్నారు. 1941లో మిత్రుడు సదాశివంతో కలిసి ‘కల్కి’ వారపత్రిక ప్రారంభించారు.

సినిమాతో ఆయన అనుబంధం అంతకుముందే మొదలైంది. ఆయన రాసిన ‘త్యాగభూమి’ 1939లో చిత్రంగా వచ్చింది. అందులోని స్వాతంత్ర్య భావాలను సహించలేక బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

పల్లవుల కాలంపై ‘పార్తిబన్ కనవు’, ‘శివగామియిన్ శపథం’ రాశాక, 1950 నుంచి 1954 వరకు ‘పొన్నియిన్ సెల్వన్’ వారం వారం రాశారు. పొన్ని అంటే కావేరి. కావేరి ముద్దుబిడ్డ అంటే రాజరాజ చోళుడు. కథ కోసం కల్కి శ్రీలంకకు కూడా వెళ్లి అక్కడి ప్రదేశాలు చూశారు. నవల ముగిసిన ఏడాదే, డిసెంబరు 5న కన్నుమూశారు.

‘పార్తిబన్ కనవు’ 1960లో తెరకెక్కింది. ‘పొన్నియిన్ సెల్వన్’ తీయాలని ఎం.జి.ఆర్. ప్రయత్నించినా కుదరలేదు. చివరకు మణిరత్నం తీశారు.

మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. సినిమాలో మనల్ని ఆకట్టుకున్న నందిని చరిత్రలో లేదు. ఆమె కల్కి ఊహ. వందియదేవుడి పేరు మాత్రం తంజావూరు పెద్దగుడి శాసనంలో ఉంది. యువరాజు ఆదిత్య కరికాలుడి హత్య నిజం. హంతకుల ఆస్తుల గురించి ఒక శాసనం చెబుతుంది. కానీ ఎందుకు చంపారో చెప్పదు. ఆ ఖాళీలోనే నవల పుట్టింది.

ఈ కథ మన తెలుగు పాఠం దాకా వస్తుంది. రాజరాజ చోళుడి కుమార్తె కుందవ్వ వేంగి రాజు విమలాదిత్యుణ్ణి పెళ్లాడింది. వారి కొడుకే రాజరాజ నరేంద్రుడు. నన్నయ చేత భారతం రాయించినది ఆయనే.

కాబట్టి చారిత్రక సినిమా చూశాక, ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని అడుగుదాం. బదిలీ మీద కొత్త ఊరు వెళ్లినప్పుడు అక్కడి గుడినీ కోటనూ కూడా అదే కుతూహలంతో చూద్దాం.