పిసినారి వ్రాసిన వీలునామా

లూకా సువార్త 12వ అధ్యాయములోని ధనవంతుడు కొట్లు విప్పి పెద్దవి కట్టించదలచిన సంగతి చదువరులెరుగుదురు. ఊరివారు అట్టివాడేయని తలంచిన ఒక మనుష్యుని జీవితమును ఈ నెల చెప్పదలచితిమి.

రాబర్టు ఆర్థింగ్టను 1823లో ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున క్వేకరు కుటుంబములో జన్మించెను. తండ్రికి బీరు కాచు కార్ఖానా యుండెను. మద్యముమీది లాభము తనకు తగదని తండ్రి దానిని మూసివేసెను. ఆయన మరణానంతరము సుమారు రెండు లక్షల పౌండ్లు కుమారునికి సంక్రమించెను. కుమారుడు దానిని రైలు కంపెనీల వాటాలలో పెట్టగా అది ఏటేట పెరుగుచు వచ్చెను.

ఇంత యుండియు ఆయన హెడింగ్లీలోని తన పెద్ద ఇంట ఒక్క గదిలోనే కాలము గడపెను. వివాహమాడలేదు. ఒకే కోటు ఏండ్ల తరబడి తొడిగెననియు, చూడవచ్చినవారితో మాటలాడుటకు వెలుగెందుకని దీపమార్పెననియు చెప్పుకొందురు. జనులు ఆయనకు హెడింగ్లీ పిసినారియని పేరు పెట్టిరి. ఒంటిని అంతగా కష్టపెట్టుకొనుట అవసరమని మేము చెప్పజాలము.

అయితే ఆ చేయి ముడుచుకొన్నది తన విషయములోనే. టాంగనీకా సరస్సు ప్రాంతమునకు సువార్త పంపుటకై 1875లో లండన్ మిషనరీ సొసైటీకి 5,000 పౌండ్లు ఇచ్చెదననెను. 1877లో కాంగో దేశమునకై బాప్టిస్టు మిషనరీ సొసైటీకి 1,000 పౌండ్లు ఇచ్చెదనని వ్రాసెను. ఆ నదిపై తిరుగు పొగ ఓడకును తరువాత ధనమిచ్చెను. సువార్త ఎన్నడును వినని ప్రతి జాతికి, వారి భాషలో లూకా, యోహాను సువార్తలును అపొస్తలుల కార్యములును అందవలెనని ఆయన కోరిక. అది నెరవేరినయెడల ప్రభువు రాకడ త్వరపడునని నమ్మెను.

1900లో ఆయన మరణించినప్పుడు ఆస్తి సుమారు పది లక్షల పౌండ్లని తేలి ఊరు నివ్వెరపోయెను. వీలునామాలో బంధువులను మరువక పదియవ వంతు వారికి విడిచెను. మిషనులకు చేరిన సొమ్ములో అయిదు పాళ్లు బాప్టిస్టు సొసైటీకి, నాలుగు పాళ్లు లండన్ సొసైటీకి వచ్చెను. మొదటిదానికి దాదాపు 4,66,000 పౌండ్లు, రెండవదానికి 3,73,000 పౌండ్లు. కాని వ్యవహారము న్యాయస్థానమున తేలవలసివచ్చి ఏండ్లు గడచెను. పైగా ఆ ధనము క్రొత్త పనికే గాని పాత లోటు తీర్చుటకు కాదు. క్రొత్త స్థలములలో ఆసుపత్రులు, పాఠశాలలు లేచిన పిమ్మట వాటిని నడుపు ఖర్చు ఎవరు భరింతురను చింత సొసైటీలకు పట్టుకొనెను. వీలునామా వ్రాయదలచిన విశ్వాసులు ఈ సంగతిని గమనింతురని మా ఆశ.

మన దేశమునకు సంబంధించినది ఒకటి మిగిలియున్నది. నేడు మిజోరాం అనబడు లుషాయి కొండలకు 1894లో లొరెయిన్, శావిజ్ అను ఇద్దరు యౌవనులు ఆయన ఖర్చుమీదనే వచ్చిరి. వారు మిజో భాషకు అక్షరములు కూర్చి, ఆయన కోరిన ఆ మూడు గ్రంథములనే తర్జుమా చేసిరి. నాలుగేండ్లకే, చేసినది చాలును, ఇక వేరొక జాతియొద్దకు పొండని ఆయన వారిని అక్కడనుండి కదలించెను. పుస్తకములిచ్చినంత మాత్రాన సంఘము నిలుచునా? ఈ విషయములో ఆయన తొందరపడెనని మేమనుకొందుము. ఆ యిద్దరు 1903లో తిరిగి వచ్చి లుంగ్లే చెంత స్థిరపడిరి. ఈసారి వారిని పంపినది బాప్టిస్టు మిషనరీ సొసైటీ, ఆర్థింగ్టను ఆస్తిలో పెద్ద పాలు పొందిన సొసైటీయే.