ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (మే 15, 1803 - జూలై 24, 1899) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాతగా గోదావరి ప్రజలకు చిరస్మరణీయుడు. సరుకుల రవాణాకు రైలు కంటే పడవే మేలని ఆయన జీవితాంతం వాదించాడు. ఆ వాదానికి పరీక్షగా నిలిచిన చోటు భద్రాచలం ఎగువన, అడవుల మధ్య ఉన్న దుమ్ముగూడెం.

తొలి జీవితం

ఇంగ్లండులోని అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చదివి, 1821లో భారతదేశానికి వచ్చాడు. 1836-38 మధ్య కొల్లిడం నదిపై ఆనకట్టలు కట్టించి తంజావూరు ప్రాంతపు సాగుకు ఊపిరి పోశాడు. 1832-33 నాటి కరువు, 1839 నాటి తుపాను గోదావరి మండలాన్ని కుంగదీశాయి. ఆ మండలాన్ని పరిశీలించి కాటన్ ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది.

డెల్టా కాలువలలో పడవలు

కాటన్ కాలువలు సాగుకూ, ప్రయాణానికీ పనికివచ్చేవి. లాకులతో నిర్మించిన ఈ కాలువలపై ధాన్యం కాకినాడ రేవుకు చేరేది. ఏలూరు వద్ద గోదావరి, కృష్ణా కాలువలు కలిశాయి. ఆ దారిన కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసు వరకు పడవలు నడిచాయి.

ఎగువ గోదావరి పథకం

నాగపూరు, బేరారు ప్రాంతాల పత్తిని నదిపై సముద్రానికి చేర్చాలన్నది కాటన్ సంకల్పం. దారిలో మూడు చోట్ల బండరాళ్ళు పడవలను అడ్డుకునేవి. అవి దుమ్ముగూడెం, ఇంచంపల్లి, ప్రాణహితపై మరొకటి. అడ్డంకి ఉన్న చోట ఆనకట్ట, పక్కన లాకుల కాలువ నిర్మించాలని నిర్ణయించారు. పనులను హేగ్ అనే ఇంజనీరు పర్యవేక్షించాడు. 1860లో నిజాము ఈ ప్రాంతాన్ని బ్రిటిషువారికి అప్పగించాడు. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధంతో ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువై పథకానికి ప్రాముఖ్యం పెరిగింది. అయితే మన్యపు జ్వరాలు, కూలీల కొరత పనిని వెనక్కు లాగాయి. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరడంతో పత్తికి మరో దారి దొరికింది. 1871లో ప్రభుత్వం పథకాన్ని విరమించింది. దుమ్ముగూడెం ఆనకట్ట, కాలువ మాత్రం మిగిలాయి.

పడవ, రైలు

ధాన్యం, ఉప్పు, కలప వంటి బరువు సరుకులకు వేగం కంటే చవక ముఖ్యమని కాటన్ వాదన. వేసవిలో నదిలో నీరు చాలదని, రైలు ఏడాది పొడవునా నడుస్తుందని ప్రత్యర్థుల సమాధానం. 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘం ముందు కూడా ఆయన తన వాదన వినిపించాడు. కాలం రైలు వైపే మొగ్గింది. 1889లో రైలు బెజవాడ చేరింది, సింగరేణి బొగ్గు దానిపైనే తరలింది. 1900లో రాజమండ్రి వంతెనపై రైళ్ళు నడిచాయి. డెల్టా కాలువలలో మాత్రం పడవలు ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలాకాలం సరుకు మోశాయి. నీరు నిలిచిన చోట కాటన్ లెక్క నిజమైంది, నిలవని చోట తప్పింది. మధ్యలో నష్టపోయింది మన్యమే. జలమార్గం ఆగిపోయింది, రైలు భద్రాచలం పట్టణానికి రాలేదు. భద్రాచలం రోడ్ స్టేషను సుమారు 40 కి.మీ. దూరాన కొత్తగూడెంలో ఉంది.

చివరి దశ

1860లో పదవీ విరమణ చేసిన కాటన్‌కు 1861లో సర్ బిరుదు లభించింది. 96వ ఏట ఇంగ్లండులోని డార్కింగ్‌లో మరణించాడు. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. 2016లో శంకుస్థాపన జరిగిన సీతారామ ఎత్తిపోతల పథకానికి నీరు తీసుకునేది దుమ్ముగూడెం ఆనకట్ట ఎగువనుండే.