మరియా మాంటిస్సోరి

ఇటలీ దేశమున అంకోనా నగరమునకు సమీపమున కియరవల్లే యను చిన్న పట్టణము గలదు. అచ్చట 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన మరియా మాంటిస్సోరి జన్మించెను. తల్లిదండ్రులకు ఆమె యొక్కతయే బిడ్డ. ఆ కాలమున స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట మిక్కిలి అరుదు. మరియా పట్టుపట్టి రోము విశ్వవిద్యాలయమున చేరెను. పురుషులతో కలసి శవచ్ఛేదనము చేయుట స్త్రీకి తగదని యెంచినందున, అందరును వెడలిపోయిన పిదప ఒంటరిగా శవముల చెంత నిలిచి ఆ పాఠములను నేర్చుకొనెను. 1896లో పట్టభద్రురాలయ్యెను.

పిమ్మట ఆమె మానసిక చికిత్సాశాలలో సహాయకురాలై, ఆ పనిమీద పిచ్చి ఆసుపత్రులకు పోవుచుండెడిది. మందబుద్ధులని ముద్ర వేయబడిన బాలురు అచ్చట పెద్దలైన రోగులతో పాటు బంధింపబడి యుండిరి. వారికి చదువు చెప్పవలెనను తలంపే యెవరికిని కలుగలేదు. వారికి కావలసినది మందుకంటె బోధనమని మరియా నిశ్చయించెను. అంతకు ముందు ఫ్రాన్సు దేశమున ఇటార్డు, సెగాన్ అను వైద్యులు ఇట్టి బాలురకు ఇంద్రియముల ద్వారా విద్య గరపి యుండిరి. వారి రచనలను ఆమె స్వహస్తముతో ఇటలీ భాషలోనికి మార్చి వ్రాసికొని, ఒక్కొక్క మాటనే తూచి చూచెను.

1900లో ఇట్టి బాలురకై రోములో ఒక పాఠశాల వెలసెను. రెండేండ్లపాటు మరియా అచ్చట ఉదయము ఎనిమిది మొదలు రాత్రి ఏడు గంటల వరకు బోధించుచుండెను. కొయ్యతో అక్షరములు చేయించి, అచ్చులకు ఎరుపు, హల్లులకు నీలము రంగు వేయించెను. బాలుడు వ్రాయు రీతిగా అక్షరముపై వేలు త్రిప్పును. గురువు దాని ధ్వనిని పలుకును. కన్నును చెవియు చేయియు కలసి నేర్చుకొనును. వీథిబడులలో ఇసుకమీద ఓనమాలు దిద్దించుట నెరిగినవారికి ఇది పూర్తిగా క్రొత్త కాదు. అయితే ఒకనికి ఒక దినమున వచ్చినది వేరొకనికి నెలకుగాని రాకపోవచ్చును. అంతవరకు విసుగక వేచియుండవలెను. పాఠమును త్వరగా ముగించుటయే నేర్పని తలచువారికి ఈ యోర్పు సులభము కాదు.

ఆ బాలురలో కొందరు చదువను వ్రాయను నేర్చి, సాధారణ బాలురతో పాటు పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణులైరి. చూచినవారందరు అద్భుతమని కొనియాడిరి. మరియా మాత్రము సంతోషించి యూరకుండలేదు. ఆరోగ్యవంతులైన బాలురు వీరిని మించలేకపోయిరనగా, వారి నంత దిగువన నిలిపినదేమి? ఈ ప్రశ్న ఆమెను ఏండ్ల తరబడి వెన్నాడెను.

1907 జనవరి 6వ తేదీన రోములోని శాన్ లోరెంజో యను పేదల పేటలో ఆమె శిశుగృహమును తెరచెను. తల్లిదండ్రులు పనికి పోగా, గోడలు పాడుచేయుచు తిరుగు ఏబదిమంది పసివారు అందు చేరిరి. కొయ్య అక్షరములు మరల లభింపకపోగా, గరుకు కాగితమును అక్షరములుగా కత్తిరించి అట్టలపై అంటించిరి. పిల్లలు వానిని తడిమి, విడి అక్షరములతో మాటలు కూర్చి ఆడుకొనిరి.

డిసెంబరు మాసమున ఒకనాడు ఆమె పిల్లలతో మిద్దెమీద కూర్చుండి యుండెను. ప్రక్కనున్న ఐదేండ్ల బాలునికి సుద్దముక్క నిచ్చి, ఎదుటనున్న పొగగొట్టమును గీయుమనెను. వాడు గీచెను. ఆమె మెచ్చుకొనగా వాడొక క్షణము నవ్వుచు నిలిచి, తనకు వ్రాయుట వచ్చినదని కేక పెట్టి, నేలమీద చేయి అను మాటను, పిదప పొగగొట్టము, కప్పు అను మాటలను వ్రాసెను. తక్కిన పిల్లలు పరుగున వచ్చి సుద్దముక్కకై చేతులు చాచిరి. వారెవ్వరును అంతకుముందు వ్రాయుటకై సుద్ద పట్టినవారు కారు. చదువుట ఆ తరువాత వచ్చెను. ఎరిగిన వస్తువుల పేర్లు వ్రాసిన చీటీలతో వారు దానిని నేర్చిరి.

1909లో ఆమె తన పద్ధతిని గ్రంథముగా ప్రకటింపగా దాని పేరు దేశదేశముల వ్యాపించెను. 1939లో దివ్యజ్ఞాన సమాజము వారి యాహ్వానముపై, దాదాపు డెబ్బదియేండ్ల వయస్సున, మద్రాసు అడయారునకు వచ్చెను. ఆమె ఇటలీ భాషలో ఉపన్యసింపగా కుమారుడు మారియో ఇంగ్లీషులో చెప్పుచుండెను. మరుసటి యేట ఇటలీ యుద్ధమున దిగుటతో ఆంగ్ల ప్రభుత్వము తల్లీకొడుకులను నిర్బంధించి, ఆమె డెబ్బదియవ జన్మదినమున కుమారుని విడిచిపెట్టెను. యుద్ధకాలమంతయు ఆమె ఇచ్చటనే నిలిచి ఉపాధ్యాయులను తీర్చిదిద్దెను. 1946లో ఐరోపాకు మరలెను. 1952 మే 6వ తేదీన హాలెండు దేశమున సముద్రతీరమందలి నూర్ద్విక్ గ్రామమున మరణించెను. ఆమె సమాధి అచ్చటనే యున్నది.