జైలు నుంచి అర్జీ రాసి చట్టం మార్పించిన గిడియన్

తప్పు చేయనివాడికి వకీలు ఎందుకు అని మనలో చాలామంది అనుకుంటాం. ఉన్నది ఉన్నట్టు చెబితే జడ్జిగారే వదిలేస్తారులే అని ధైర్యం చెప్పుకుంటాం. అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అనే పేదవాడు సరిగ్గా అదే చేశాడు. అయిదేళ్ల జైలు శిక్ష పడింది. పిల్లలు అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న కుటుంబాలు ఆయన కథ తప్పకుండా తెలుసుకోవాలి.

గిడియన్ 1910లో మిస్సోరి రాష్ట్రంలోని హనిబాల్ పట్టణంలో పుట్టాడు. మూడేళ్ల వయసులోనే తండ్రి పోయాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. చిన్నతనంలోనే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఆయనేమీ మచ్చలేని మనిషి కాదు. దొంగతనం కేసుల్లో పలుసార్లు పట్టుబడ్డాడు, ఏళ్ల తరబడి జైళ్లలో గడిపాడు. దానికి తోడు క్షయ జబ్బు. దొరికిన పని చేసుకుంటూ, జూదమాడుకుంటూ చివరికి ఫ్లోరిడాలోని పనామా సిటీ చేరాడు.

1961 జూన్ 3 తెల్లవారుజామున అక్కడ బిలియర్డ్స్ ఆడే ఒక పూల్ రూములో దొంగలు పడ్డారు. కిటికీ పగలగొట్టి కొంత చిల్లర డబ్బు, కొన్ని సీసాలు ఎత్తుకుపోయారు. గిడియన్‌ను లోపల చూశానని ఒక యువకుడు చెప్పాడు. పోలీసులు అదే రోజు అరెస్టు చేశారు.

పోయింది కాస్త చిల్లరే కదా, మరి కేసు అంత పెద్దది ఎలా అయింది? అమెరికాలో నేరాలు ముఖ్యంగా రెండు రకాలు. మామూలుగా ఏడాది లోపు జైలు పడే చిన్న నేరాన్ని మిస్‌డిమీనర్ అంటారు. ఏడాదికి మించి శిక్ష పడే పెద్ద నేరం ఫెలనీ. చిల్లర దొంగతనం మిస్‌డిమీనరే. కానీ ఆ ఉద్దేశంతో తాళమో కిటికీయో పగలగొట్టి లోపలికి దూరితే, ఫ్లోరిడా చట్టం దాన్ని ఫెలనీగా లెక్కగట్టేది. గిడియన్ మీద పెట్టింది ఆ కేసే.

ఆగస్టులో పేషీకి వచ్చినప్పుడు, తన దగ్గర డబ్బు లేదు, కోర్టే వకీలును ఇవ్వాలని గిడియన్ అడిగాడు. జడ్జి కుదరదన్నారు. మరణశిక్ష పడే కేసుల్లోనే అలా ఇచ్చేందుకు ఫ్లోరిడా చట్టం ఒప్పుకునేది. దాంతో తన కేసు తానే వాదించుకున్నాడు. సాక్షులను ప్రశ్నించాడు, తాను నిర్దోషినని జ్యూరీకి చెప్పుకున్నాడు. కానీ ఏ ప్రశ్న అడగాలో, ఎక్కడ ఆపాలో ఆయనకేం తెలుసు? జ్యూరీ దోషి అని తేల్చింది.

జైల్లో ఆయన ఊరికే కూర్చోలేదు. అక్కడ దొరికిన చట్టం పుస్తకాలు చదివాడు. 1962 జనవరిలో, గీతల కాగితాల మీద పెన్సిల్‌తో రాసిన ఆయన అర్జీ అమెరికా సుప్రీంకోర్టు చేరింది. వకీలు లేకుండా విచారించడం అన్యాయమన్నదే అందులోని ఒకే ఒక్క ఫిర్యాదు. కోర్టు దాన్ని విచారణకు తీసుకుంది. ఆయన తరఫున వాదించడానికి అబే ఫోర్టాస్ అనే పేరున్న వకీలును నియమించింది. ఫ్లోరిడా తనకు మద్దతివ్వమని మిగతా రాష్ట్రాలను కోరితే ముందుకొచ్చినవి రెండే. 22 రాష్ట్రాలు గిడియన్ వైపు నిలబడ్డాయి.

1963 మార్చి 18న తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద తీర్పు చెప్పారు. ఫెలనీ కేసులో ముద్దాయి పేదవాడైతే ప్రభుత్వమే వకీలును ఇవ్వాలన్నారు. ఆ తీర్పుతో ఫ్లోరిడాలో వకీలు లేకుండా శిక్ష పడ్డ వందలాది మంది విడుదలయ్యారు.

గిడియన్‌కు మాత్రం వెంటనే విడుదల దొరకలేదు, మళ్లీ విచారణ జరిగింది. అదే ఊరు, అదే జడ్జి, అదే సాక్షి. మారింది ఒక్కటే. ఈసారి పక్కన ఫ్రెడ్ టర్నర్ అనే స్థానిక వకీలు ఉన్నాడు. ముందే సంగతులన్నీ ఆరా తీసి వచ్చిన టర్నర్, సాక్షిని గట్టిగా నిలదీశాడు. ఆ సాక్షి మీదే అనుమానం వచ్చేలా చేశాడు. జ్యూరీ సుమారు గంటసేపు ఆలోచించి గిడియన్‌ను నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికే రెండేళ్లు జైల్లో గడిచిపోయాయి.

ఆ తర్వాత కూడా ఆయన బతుకు పేదరికంలోనే సాగింది. 1972 జనవరిలో, 61వ ఏట కన్నుమూశాడు. అదే ఏడాది జూన్‌లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. మిస్‌డిమీనర్ అయినా సరే, వకీలును ఇవ్వకుండా పేదవాడికి జైలు శిక్ష వేయకూడదంది. అది చూడటానికి గిడియన్ లేడు.

ఈ హక్కు అమెరికా పౌరులకే కాదు, వీసా మీద వెళ్లిన మన పిల్లలకూ ఉంది. దుకాణంలో చిన్న వస్తువు తీశారన్న మిస్‌డిమీనర్ కేసు కూడా వీసాకు ముప్పు తేవచ్చు. అందుకే త్వరగా తెగిపోతుందని నేరం ఒప్పేసుకోకూడదు. పోలీసులతో మర్యాదగా ఉంటూనే, వకీలు వచ్చాకే మాట్లాడతామని చెప్పాలి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేస్తారా అన్నది వకీలు ముందే చెప్పాలని 2010లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఇమిగ్రేషన్ కోర్టులో మాత్రం ప్రభుత్వం వకీలును ఇవ్వాలన్న హక్కు లేదు. అక్కడ సొంతంగా చూసుకోవాల్సిందే.

మన దేశంలోనూ ఈ హక్కు ఉంది. 1979లో బిహార్ జైళ్లలో మగ్గుతున్న హుస్సేనారా ఖాతూన్ తదితరుల కేసులో, పేద ముద్దాయికి ఉచితంగా వకీలును ఇవ్వడం ప్రభుత్వ బాధ్యతేనని మన సుప్రీంకోర్టు చెప్పింది. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు.

మొదటిసారి గిడియన్ వద్ద ఉన్న నిజమే రెండోసారీ ఉంది. రెండోసారి దాన్ని చెప్పడం తెలిసిన మనిషి తోడయ్యాడు.