అభిమానధనుడు రామానుజన్

మహాపురుషుల చరిత్రములను చదువునప్పుడు వారి ఘనకార్యములే ముందుగా కంటబడును. వారు దేనికి భయపడిరో, దేనికి అలిగిరో, ఏ మాటకు మనసు నొచ్చుకొనిరో చెప్పువారు తక్కువ. అందుచేత వారు మనుష్యమాత్రులు కారని తలచి, చదువరులు దూరమునుండియే నమస్కరించి ఊరకుందురు. గణితశాస్త్రమున జగద్విఖ్యాతి గాంచిన శ్రీనివాస రామానుజన్ విషయమున ఈ పొరపాటు మఱింత ఎక్కువగా జరుగుచుండును. ఆయన ప్రతిభ అందఱు ఎఱిగినదే. కాని చిన్న అవమానమునైనను సహింపజాలని సుకుమారహృదయము ఆయనకు కలదనియు, ఆ అభిమానమే ఆయనను పలుమార్లు ఇల్లు విడిచి, ఊరు విడిచి పరుగెత్తించినదనియు, ఒకమారు మృత్యుముఖము వఱకు ఈడ్చుకొనిపోయినదనియు ఎఱిగినవారు కొలదిమంది.

రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన తమిళదేశమందలి ఈరోడు పట్టణములో మాతామహుల ఇంట జన్మించెను. పెరిగినది కుంభకోణములో. తండ్రి శ్రీనివాస అయ్యంగారు బట్టల దుకాణమున గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనలు పాడెడిది. వారి ఇలవేల్పు నామక్కల్ క్షేత్రమందలి నామగిరి అమ్మవారు. రెండేండ్ల ప్రాయమున బాలునికి మశూచికము సోకి, ప్రాణము దక్కినను ముఖమున మచ్చలు మిగిలెను. మూడేండ్లు వచ్చువఱకు మాట రాకుండుటచే, బిడ్డ మూగవాడగునేమో యని పెద్దలు బెంగపడిరి.

మాట రాని ఆ బాలుని అలవాట్లు వింతగా ఉండెడివి. ఇంటిలోని ఇత్తడి, రాగి పాత్రలన్నియు తెచ్చి ఈ గోడ మొదలు ఆ గోడ వఱకు బారుగా పేర్చెడివాడు. కోరిన తిండి పెట్టకున్నచో మట్టిలో పడి దొర్లెడివాడు. బడి యన్న గిట్టదు. కొంతకాలము మదరాసులో ఉన్నప్పుడు, బడికి పోనని మొండికేసిన మనుమని దారికి తెచ్చుటకు ఇంటివారు ఒక పోలీసు జవానును పిలిచి బెదిరింపవలసి వచ్చెను.

అయినను చదువులో ముందుండెను. 1897వ సంవత్సరమున ప్రాథమిక పరీక్షలలో జిల్లాకు మొదటివాడుగా వచ్చి, మరుసటి యేట కుంభకోణము టౌన్ హైస్కూలులో చేరెను. ఒకప్పుడు లెక్కల పరీక్షలో స్నేహితునికి తనకంటె ఒక్క మార్కు ఎక్కువ వచ్చెను. తక్కిన పాఠములలో ఎన్ని మార్కులు తగ్గినను లెక్కచేయని రామానుజన్, లెక్కలలో ఆ ఒక్క మార్కును మాత్రము ఓర్వలేక ఏడ్చుచు ఇంటికి పోయి, ఆ స్నేహితునితో మాటలాడుట మానివేసెను. మఱియొకప్పుడు త్రికోణమితిలో ఒక గొప్ప సూత్రమును తానే కనుగొంటినని పొంగిపోయెను. అది సుమారు నూటయేబది సంవత్సరములకు పూర్వమే ఆయిలర్ అను పండితుడు కనుగొన్నదేయని తెలియగానే సిగ్గుతో క్రుంగిపోయి, ఆ కాగితములను ఎవరి కంటను పడకుండ ఇంటి పైకప్పులో దాచివేసెను. తెలియని దేశమున పుట్టిన పండితునితో సమానముగా ఆలోచించుట పదమూడు పదునాలుగేండ్ల బాలునికి గర్వకారణము కావలసినది. రామానుజన్ మాత్రము దానిని దొంగతనము పట్టువడినట్లు భావించెను.

1903వ సంవత్సరమున ఒక స్నేహితుడు కుంభకోణము ప్రభుత్వ కళాశాలా గ్రంథాలయమునుండి ఒక పుస్తకమును తెచ్చియిచ్చెను. అది కార్ అను ఆంగ్లేయుడు పరీక్షలకు చదువు విద్యార్థుల కొఱకు కూర్చినది. అందు సుమారు 5,000 గణిత సూత్రములు వరుసగా చెప్పబడియున్నవి. ఉపపత్తులు మాత్రము మిక్కిలి క్లుప్తములు, కొన్నింటికి లేనేలేవు. పండితుల దృష్టిలో అది సామాన్య గ్రంథము. కాని రామానుజన్‌కు అదియే గురువైనది. ఉపపత్తి లేని ప్రతి సూత్రమును తానే సాధించుటకు పూనుకొని, అచ్చటనుండి పుస్తకములో లేని క్రొత్త సూత్రములకు పోయెను. ఆ పుస్తకము చేతికి వచ్చిన పిమ్మట ఇతర విద్యలపై ఆయనకు మనసు నిలువలేదు.

దాని ఫలితము వెంటనే కనబడెను. 1904వ సంవత్సరమున బహుమానములతో హైస్కూలు విడిచి, విద్యార్థివేతనముతో కళాశాలలో చేరిన రామానుజన్ ఇంగ్లీషులో తప్పుటచే ఆ వేతనమును పోగొట్టుకొనెను. జీతము కట్టుటకు ఇంట ధనము లేదు. నలుగురిలో తలయెత్తుకొనుటకు ముఖము లేదు. 1905వ సంవత్సరము ఆగస్టు నెలలో, పదునేడేండ్ల ఆ యువకుడు ఎవరికిని చెప్పక రైలెక్కి ఉత్తరదిక్కున వందల మైళ్ళ దూరముననున్న విశాఖపట్టణము చేరెను. తల్లిదండ్రులు పత్రికలోకి ఎక్కించి మఱీ వెదకించిరి. కొన్ని వారములకు బాలుడు ఇల్లు చేరెను. మరుసటి యేడు మదరాసులో పచ్చయప్ప కళాశాలలో చేరినను, ఎఫ్.ఏ. పరీక్షలో రెండుమార్లు తప్పెను. శరీరశాస్త్రము ఆయనకు బొత్తిగా పడదు. ఒక పరీక్షలో జీర్ణక్రియను గూర్చి అడుగగా, ఆ పాఠము తనకు జీర్ణము కాలేదని వ్రాసి కాగితము ఇచ్చివేసెనట.

1909వ సంవత్సరమున జానకి యను బాలికతో వివాహమయ్యెను. ఉద్యోగము కొఱకు నోటుపుస్తకములు చంకబెట్టుకొని రామానుజన్ ఇంటింటికి తిరుగుచుండెను. 1910వ సంవత్సరాంతమున నెల్లూరు కలెక్టరుగా ఉన్న దివాన్ బహదూరు ఆర్. రామచంద్రరావు గారి దర్శనము లభించెను. ఆయన స్వయముగా గణితాభిమాని. మాసిన బట్టలతో, గడ్డము పెరిగి, కన్నులు మాత్రము మెరయుచున్న ఈ యువకుని చూచి మొదట సందేహించినను, తుదకు ఆయన గొప్పతనమును గ్రహించి, ఏమి కావలయునని అడిగెను. రెండుపూటల అన్నము దొరకి లెక్కలు చేసికొనుటకు తీరిక చిక్కిన చాలునని రామానుజన్ కోరెను. రావుగారు నెలకు 25 రూపాయలు స్వంతముగా ఇచ్చుటకు ఒప్పుకొనిరి. కాని ఒకరి సొమ్ము ఊరక తినుట ఆయన అభిమానమునకు పడలేదు. 1912వ సంవత్సరము మార్చి 1వ తేదీన మదరాసు పోర్టుట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా పనిలో చేరి, ఆ ఋణభారము తొలగించుకొనెను.

ఆ దినములలో కాగితము కొనుటకు కూడ డబ్బు చాలదు. అందుచే లెక్కలన్నియు పలకపై చేసి, తప్పులను మోచేతితో తుడిచివేసెడివాడు. గుడ్డతో తుడిచిన ఆలోచనకు అడ్డము వచ్చునని మోచేయి నల్లబడునట్లు రుద్దెడివాడు. ఫలితమును మాత్రము నోటుపుస్తకమునకు ఎక్కించెడివాడు. రేవులో సరకులు చుట్టివచ్చిన కాగితములను ఏరుకొని వాడెడివాడు; ఒకమారు వ్రాసిన కాగితముపైననే ఎఱ్ఱసిరాతో మరల వ్రాసెడివాడు. పోర్టుట్రస్టులోని పై ఉద్యోగి నారాయణ అయ్యరు రాత్రులు ఆయనతో కూర్చుండి, మధ్య మెట్లు వ్రాయకున్న ఇతరులకు బోధపడదని బ్రతిమాలుచుండెను.

1913వ సంవత్సరము జనవరిలో కేంబ్రిడ్జి పండితుడు హార్డీకి వ్రాసిన ఉత్తరము ఆయన జీవితమును మార్చినది. ఐనను సముద్రము దాటుట శాస్త్రవిరుద్ధము, తల్లి ఒప్పుకొనదు. తన కుమారుడు దొరల సభలో కూర్చుండియున్నట్లు కలగని, అడ్డుచెప్పవలదని నామగిరి అమ్మవారు ఆజ్ఞాపించినట్లు తోచిన పిమ్మటనే ఆమె సమ్మతించెను. ప్రయాణమునకు ముందు పిలక తీయించి, దొరల దుస్తులు ధరింపవలసి వచ్చెను. ఆ రూపమును తల్లియు భార్యయు చూచుట సహింపలేక, వారిని ముందుగనే కుంభకోణము పంపివేసెను. 1914వ సంవత్సరము మార్చి 17వ తేదీన ఓడ బయలుదేరెను.

కేంబ్రిడ్జిలో ఆయన గెలిచిన గెలుపులు లోకవిదితములు. పడిన కష్టములు అంత తెలియవు. శాకాహారమును విడువక తన వంట తానే వండుకొనెను. బూట్లు కాళ్ళను కొఱుకుచుండుటచే గదిలో చెప్పులే వాడెడివాడు. ఒకనాడు ప్రశాంతచంద్ర మహాలనోబిస్ చూడబోగా, రామానుజన్ నిప్పును ఆనుకొని కూర్చుండి, రాత్రి కోటు తొడుగుకొని శాలువ కప్పుకొనినను చలి తీరలేదని చెప్పెను. పడక చూడగా దుప్పట్లన్నియు పరుపు క్రిందికి మడచియే యున్నవి. వాటిని తీసి లోపల దూరి పడుకొనవలెనని ఆయనకు తెలియదు. ఇంతటి మేధావి ఒకరిని అడుగుటకు సిగ్గుపడి చలికి వణకుచు రాత్రులు గడిపెను.

అభిమానము మాత్రము అచ్చటను వెన్నాడెను. ఒకమారు చటర్జీ యను భారతీయ విద్యార్థిని, ఆయనకు కాబోవు భార్యను, మఱియొక స్త్రీని భోజనమునకు పిలిచి, స్వయముగా వండిన చారు వడ్డించెను. రెండుమార్లు పోయించుకొని మూడవమారు స్త్రీలు వలదనిరి. కొంతసేపటికి చూడగా రామానుజన్ గదిలో లేడు. వెదకినను కానరాలేదు. కొన్ని దినములకు ఐదు పౌనులు పంపుమని ఆక్స్‌ఫర్డునుండి తంతి వచ్చెను. తన వంట నచ్చలేదని నొచ్చుకొని, చేతనున్న డబ్బుతో చేరగలిగినంత దూరము పోయెనన్నమాట. విశాఖపట్టణమునకు పరుగెత్తిన బాలుడే ఇచ్చటను కనబడుచున్నాడు. లండనులో ఒకప్పుడు బసలో పాలతో ఇచ్చిన డబ్బాపొడిలో కోడిగ్రుడ్డు కలిసినదని డబ్బాపై చదివి, వెంటనే సామాను సర్దుకొని బయటపడెను. దారిలో జర్మనుల బాంబులు పడగా, అది తాను తెలియక తిన్న పాపమునకు దేవుడు వేసిన శిక్షయేయని వణకిపోయెను.

1917వ సంవత్సరమున జబ్బుపడి ఆస్పత్రుల పాలయ్యెను. యుద్ధకాలము, తగిన ఆహారము దొరకదు. అత్తాకోడండ్ర పొరపొచ్చెములచే భార్య ఉత్తరములు చేతికి రావు. ట్రినిటీ కళాశాలలో ఫెలోపదవి ఆ యేట లభింపలేదు. 1918వ సంవత్సరారంభమున ఒకనాడు లండను భూగర్భ రైలుస్టేషనులో వచ్చుచున్న రైలు ముందు పట్టాలపైకి దూకెను. ఉద్యోగి ఒకడు చూచి మీట నొక్కుటచే, బండి కొన్ని అడుగుల దూరమున ఆగెను. కాళ్ళకు గాయములైనవి. ఆత్మహత్యాప్రయత్నము నేరము గనుక పోలీసులు పట్టుకొనిరి. హార్డీ పరుగున వచ్చి, ఈయన రాయల్ సొసైటీ సభ్యుడని, ఇట్టివానిని నిర్బంధింపరాదని చెప్పి విడిపించెను. అప్పటికి అది నిజము కాదు. కాని 1918వ సంవత్సరము మే నెలలో ఆ సభ్యత్వము నిజముగనే వచ్చెను. అక్టోబరులో ట్రినిటీ ఫెలోపదవియు లభించెను. తనను చూడవచ్చిన హార్డీ ఎక్కిన టాక్సీ అంకె 1729 విని, రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అదియే చిన్నదని చెప్పినదియు ఈ జబ్బుదినములలోనే.

1919వ సంవత్సరము మార్చిలో స్వదేశము చేరునప్పటికి శరీరము చిక్కి శల్యమైనది. మదరాసు చేత్‌పట్‌లో బస చేసిన ఇంటి పేరు క్రైనంట్. అందలి మొదటి భాగమునకు ఇంగ్లీషులో ఏడ్పు అని అర్థము గనుక అశుభమని తలచి వేఱొక ఇంటికి మారెను. మంచముపైనుండియే పలక అడుగుచు, చివరి దినముల వఱకు లెక్కలు వ్రాయుచుండెను. జానకమ్మ కాపడము పెట్టుచు, వ్రాసిన కాగితములు భద్రపఱచుచుండెను. 1920వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన, ముప్పదిరెండేండ్ల ప్రాయమున ఆ దీపము ఆరిపోయెను. సముద్రము దాటినవాడని బంధువులలో పలువురు అంత్యక్రియలకు రాలేదు. నాడు 25 రూపాయలతో ఆదుకొన్న రామచంద్రరావు గారే ఆ ఏర్పాట్లకును పూనుకొనిరి. జానకమ్మ తిరువల్లిక్కేణిలో కుట్టుపని చేసికొనుచు గౌరవముగా జీవించి 1994వ సంవత్సరమున పరమపదించెను.

భారతదేశ గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కైన ఎస్. ఆర్. రంగనాథన్ కూడ గణితోపాధ్యాయులే. రామానుజన్‌ను ఎఱిగినవారి జ్ఞాపకములను ఓపికతో సేకరించి 1967వ సంవత్సరమున గ్రంథరూపమున ప్రకటించిరి. 1976వ సంవత్సరమున ట్రినిటీ కళాశాలా గ్రంథాలయములోని ఒక పెట్టెలో, జార్జి ఆండ్రూస్ అను అమెరికా పండితునికి రామానుజన్ కడపటి యేట వ్రాసిన కాగితములు నూరుకు పైగా దొరకెను. అందు సుమారు 600 సూత్రములున్నవి. వాటి ఉపపత్తులను వెదకుటకు పండితులకు దశాబ్దములు పట్టెను.

తోటివాని మార్కుకు ఏడ్చిన బాలుడు, పరీక్ష తప్పి రైలెక్కిన యువకుడు, చారు వలదన్నందుకు అలిగిపోయిన అతిథేయి, జగమెఱిగిన గణితవేత్త, అందఱును ఒక్కరే. ఆ సుకుమారహృదయమును మందలించి మార్చినవారు లేరు; నెలకు 25 రూపాయలతో నొకరు, పలకముందు రాత్రి మేలుకొని నొకరు, దుప్పటి కప్పుకొను విధము చూపి నొకరు, పోలీసుల యెదుట అబద్ధమాడి నొకరు దానిని నిలిపిరి. ప్రతి గ్రామమునను పరీక్ష తప్పి ముఖము చాటువేయు బాలుడు ఉండును. వాడు ఇల్లు విడిచి పోకముందే పలుకరించువారును, వాని చేతికి ఒక పుస్తకము అందించువారును కావలయును. కుంభకోణమున ఒక స్నేహితుడు గ్రంథాలయమునుండి తెచ్చియిచ్చినది సామాన్య పుస్తకమే. గ్రామ గ్రంథాలయపు బీరువాలో దుమ్ము పట్టియున్న ఏ పుస్తకము ఏ బాలుని కొఱకు వేచియున్నదో ముందుగా ఎఱుగువారు లేరు గనుక, ఆ బీరువా తలుపు ఎల్లప్పుడును తెఱచియుండుటయే మేలు.